సూప్ మెషీన్ మిస్

బాలరాట్‌లో జూలై.
ఆటస్థలం గడ్డి మీద మంచు, పంచదార చల్లినట్టు.
తరగతిలో హీటరు ముసలి పిల్లిలా గుర్రుమంటోంది.
నా మెడలో 'ట్రైనీ టీచర్' బిళ్ళ,
చేతిలో నాలుగు పేజీల పాఠం ప్లాను:
తొమ్మిదీ ఐదుకి స్మార్ట్ బోర్డు,
తొమ్మిదీ పదికి వీడియో,
తొమ్మిదీ ఇరవైకి ప్రశ్నలు.
భయానికి మాత్రం గడి కేటాయించలేదు.

యూనివర్సిటీలో నేర్పారు,
ఒక బొమ్మని చూడగానే ఏమడగాలో:
ఎవరు తీశారు, ఎవరి కోసం,
చట్రం బయట ఎవరిని వదిలేశారు.
ఆ పేపర్లో నాకు నూటికి ఎనభై ఏడు.
తీరా బోర్డు మీద వేలు పెడితే
గీత జానెడు అవతల పడింది.

"మిస్, దానికి క్యాలిబ్రేషన్ చెయ్యాలి."
టిల్డా లేచొచ్చింది, తొమ్మిదేళ్ళది,
స్వెటర్ చేతికి ముక్కు తుడుచుకుంటూ.
నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు నొక్కి
వెళ్ళి కూర్చుంది.
వెనక కుర్చీలో మా మెంటర్ గ్లెనిస్ గారు
టీ కప్పు అంచు మీంచి చూస్తున్నారు.
ఏమీ అనరు. అదే భయం.

ఫిన్‌కి వినికిడి తక్కువ.
వాడి కోసం, మాటలు అక్షరాలయ్యే మీట నొక్కాను.
"గుడ్ మార్నింగ్, నా పేరు సుభాషిణి."
తెర మీద పడింది:
"గుడ్ మార్నింగ్, నా పేరు సూప్ మెషీన్."

మొదట ఫిన్ నవ్వాడు,
చదువుతున్నది వాడొక్కడే కనుక.
తర్వాత మూకుట్లో పేలాల్లా తక్కిన ఇరవై ముగ్గురూ.

నాన్నమ్మ ఏరి పెట్టిన పేరు.
మంచిగా మాట్లాడేది అని అర్థం.
గొంతు సవరించుకుని, విడదీసి, ఒత్తి పలికాను:
సు. భా. షి. ణి.
"సూపు. బస్సు. ఆమె. మోకాలు."

ఇక నాకూ ఆగలేదు.
ప్లాను కాగితాలు బల్ల మీద బోర్లించి
"రండి, మీ పేర్లూ చెప్పండి,
అదేం వింటుందో చూద్దాం" అన్నాను.

టిల్డా టిల్డాగానే వచ్చింది. జాస్పర్ జాస్పర్‌గానే.
హ్యారియట్‌కి ఒక్క అక్షరం చెదరలేదు.
మజోక్ 'మై జోక్' అయ్యాడు.
లిగాయా 'లయర్' అయింది.
నవ్వు సగంలో ఆగిపోయింది.

బోర్డు మీద రెండు గళ్ళు గీశాం:
మనం అన్నది, అది విన్నది.
నిండుతున్న కొద్దీ గది నెమ్మదించింది.
"దీనికి మాటలు నేర్పిందెవరు?"
అడిగింది నేను కాదు, ఫిన్.
"ఎవరైనా సరే, వాళ్ళ వీధిలో
మజోక్‌లు లేరు" అంది టిల్డా.
నా ప్లానులో మూడో పేజీ చివర
ఎర్ర సిరాతో రాసుకున్న ప్రశ్న అది.
తొమ్మిదీ ముప్పై ఒకటికే వాళ్ళక్కడున్నారు,
నన్ను దాటుకుని.

"కాస్త మెల్లగా చెప్పి చూడు" అన్నారెవరో.
మజోక్ తల అడ్డంగా ఊపాడు.
"నేను సరిగ్గానే చెప్పాను."
ఆ వాక్యాన్ని మాత్రం
యంత్రం ఒక్క తప్పు లేకుండా రాసింది.

గ్లెనిస్ గారి నోటు, పెన్సిల్‌తో:
ప్లాను అనుసరించలేదు.
కింద ఇంకో లైను:
రేపు రెండో పీరియడ్ కూడా మీదే. బోర్డు తుడవకండి.

సాయంత్రం స్టర్ట్ స్ట్రీట్ బస్టాప్‌లో
ఫోనులో యూనివర్సిటీ ఫారం తెరిచాను.
ఈరోజు వాడిన డిజిటల్ సాధనం. దానివల్ల నేర్చుకున్నది.
రెండు వందల అక్షరాలు మించరాదు.
వేళ్ళు కొంకర్లు పోతున్నాయి,
మైకు నొక్కి, భాష తెలుగుకి మార్చి,
ముందుగా పేరు చెప్పాను.
మా భాషే కదా, ఇక్కడైనా.

"శుభాకాంక్షలు" అని రాసింది.

నీకూ, అన్నాను.
అంతలో బస్సు వచ్చింది,
ఈసారి నిజంది.